బెల్లం తింటే రాతినార దుమ్ము పోతుందా? అపోహలు, వాస్తవాలు

కార్మికులకు ఆరోగ్య పరీక్షలు చేసే వైద్యుడిగా నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: మీరు కోసే రేకుల్లో ఏముంటుంది? ఎక్కువమంది సిమెంటు అనే చెబుతారు. ఆ సిమెంటుకు పట్టునిచ్చేది రాతినార, అంటే ఆస్బెస్టాస్ అని, దాని పోగులు క్యాన్సర్ తెస్తాయని వారికి ఎవరూ చెప్పి ఉండరు.

అపోహ: బెల్లం తింటే లోపలి దుమ్మంతా దిగిపోతుంది.

వాస్తవం: పని దిగాక బెల్లం ముక్క చప్పరిస్తే గొంతు గరగర తగ్గి హాయిగా ఉంటుంది కాబట్టే ఈ నమ్మకం ఇంతగా పాతుకుపోయింది. కానీ తిన్నది అన్నవాహికలోకి, పీల్చినది శ్వాసనాళంలోకి పోతాయి. కంటికి ఆనని సన్నని పోగులు ఊపిరితిత్తుల గాలిగదుల దాకా చేరితే, వాటిని మింగబోయిన రక్షక కణాలు ఆ పొడవును పూర్తిగా మింగలేక చనిపోతాయి, అక్కడ ఏళ్ల తరబడి వాపు కొనసాగుతుంది. ముక్కుకు కట్టిన తువ్వాలు కూడా ఈ పోగులను ఆపలేదు. రేకును తడిపి చేతిరంపంతో కోస్తే, పొడి చీపురుతో ఊడవకుండా ఉంటే గాలిలోకి లేచే దుమ్ము తగ్గుతుంది. పనిబట్టలను ఇంటికి తీసుకెళ్లకండి; భర్త బట్టలు దులిపి ఉతికిన ఇల్లాళ్లకు కూడా ఈ క్యాన్సర్లు వచ్చాయి.

అపోహ: ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నాకేమీ కాలేదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఈ మాటే. యాసిడ్ పడితే చెయ్యి వెంటనే మండుతుంది కనుక, ప్రమాదమంటే అప్పటికప్పుడు తెలిసేదని కార్మికుడు అనుభవంతో నేర్చుకుంటాడు. రాతినార వల్ల వచ్చే క్యాన్సర్ సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ల తరువాత, చాలాసార్లు పని మానేశాక బయటపడుతుంది.

అపోహ: బీడీ, సిగరెట్ అలవాటు లేనివారికి భయం లేదు.

వాస్తవం: రాతినార ఒక్కటే చాలు. పొగ కూడా తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అపోహ: మన దేశంలో వాడే తెల్ల రకం హానిచేయదు.

వాస్తవం: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తెల్ల రకంతో సహా అన్ని రకాలనూ క్యాన్సర్ కారకాలుగానే నిర్ధారించింది.

అపోహ: పని మానేశాక ఆరోగ్య రికార్డులు అడిగే హక్కు ఉండదు.

వాస్తవం: రాతినార పరిశ్రమల్లోని కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కార్మిక భద్రతా చట్టం కూడా వృత్తి సంబంధ క్యాన్సర్‌ను ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల్లో చేర్చింది. ఆయాసమో, ఛాతీలో నొప్పో వచ్చి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, వైద్యుడు అడగకపోయినా సరే, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఎక్కడ ఏ పని చేశారో కాగితం మీద రాసి చూపించండి.