శాన్ హోసే: మునిగిన ఓడ మీద తెగని తగవు

2025 నవంబరులో కొలంబియా శాస్త్రవేత్తలు కరీబియన్ సముద్రంలో దాదాపు 600 మీటర్ల లోతు నుంచి ఒక ఫిరంగిని, ఒక పింగాణీ కప్పును, మూడు నాణేలను పైకి తీశారు. 1708లో మునిగిపోయిన స్పెయిన్ యుద్ధనౌక శాన్ హోసే నుంచి ఇలా పరిశోధన కోసం వస్తువులు తీయడం అదే మొదలు. వార్త రాగానే శీర్షికలకెక్కింది మాత్రం ఆ కప్పూ ఫిరంగీ కాదు, వేల కోట్ల డాలర్ల అంకె. 1,700 కోట్లని ఒకరు, 2,000 కోట్లని మరొకరు రాశారు. వాటికి లెక్కాపత్రం ఏమీ లేదు. అయినా నలభై ఏళ్లకు పైగా ఈ ఓడ గురించి వచ్చిన చట్టాలు, తీర్పులు, ఒప్పందాలు ఆ ఊహ చుట్టూనే తిరిగాయి. ఈ కథలో నన్ను బాధించేది అదే.

ఓడ అంత సొమ్ముతో ఎందుకు బయల్దేరింది? స్పెయిన్ సింహాసనం కోసం 1701 నుంచి ఐరోపాలో పెద్ద యుద్ధం నడుస్తోంది. రాజు ఐదో ఫిలిప్‌కు సైన్యాన్ని పోషించడానికి అమెరికా వలసల వెండి, బంగారం కావాలి. యుద్ధం వల్ల సముద్రం మీద రాకపోకలు దెబ్బతిని, ఆ సొమ్ము ఏళ్ల తరబడి కదల్లేదు. చివరికి 1708లో ఇప్పటి పనామాలోని పోర్తోబెలోలో సంత జరిగింది. పెరూ వైపు నుంచి వచ్చిన సొమ్మంతా అక్కడ ఓడలకెక్కింది. 64 ఫిరంగుల శాన్ హోసే ఆ నౌకల గుంపుకు నాయకురాలు. సుమారు 600 మందితో అది ఇప్పటి కొలంబియాలోని కార్తహేనా రేవు వైపు కదిలింది.

జూన్ 8 సాయంత్రం ఆ రేవుకు సమీపంలోని బారూ దగ్గర ఆంగ్లేయ నౌకాధిపతి చార్లెస్ వేజర్ కాపుకాసి అడ్డుకున్నాడు. ఓడను ముంచాలని అతనికి లేదు. పట్టుకుంటే అందులోని సొమ్ములో అధికారులకూ నావికులకూ వాటా వస్తుంది, మునిగితే ఎవరికీ ఏమీ రాదు. ఫిరంగుల పోరు సాగుతుండగానే చీకటి పడే వేళకు శాన్ హోసే మునిగిపోయింది. 600 మందిలో ఇరవై మంది కూడా బతకలేదు. శాన్ హోకిన్ అనే మరో నిధి ఓడ తప్పించుకుపోయింది. దాన్ని సరిగా వెంటాడలేదని ఇద్దరు ఆంగ్లేయ కెప్టెన్లను సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టి పదవుల నుంచి తొలగించారు. ఆరు వందల ప్రాణాలు పోయిన పోరులో విచారణ జరిగింది చేజారిన సొమ్ము మీద.

ఓడ ఎలా మునిగిందన్నది ఇప్పటికీ తేలలేదు. మందుగుండు గది పేలిందని, ఆ వేడి తమ ఓడ దాకా తగిలిందని, మండుతున్న చెక్కముక్కలు తమ మీద వచ్చి పడ్డాయని వేజర్ పక్షం చెప్పింది. పేలుడు కాదు, పోరులో దెబ్బతిన్న అడుగు పలకలే విడిపోయి నీళ్లు చొచ్చుకొచ్చాయన్న వాదనా ఉంది. దీనికి జవాబు అడుగున పడి ఉన్న పలకల్లో, వాటి మధ్య ఏది ఎక్కడ పడి ఉందన్న దానిలో ఉంటుంది. నాణేల కోసం ఆ చోటును కెలికితే ఆ జవాబు ఇక ఎప్పటికీ దొరకదు.

కొత్త తగవు 1980ల మొదట్లో రాజుకుంది. గ్లోకా మోరా అనే అమెరికా కంపెనీ అనుమతి తీసుకుని వెతికి, ఓడ ఉన్న ప్రాంతం కనుక్కున్నామని 1982లో కొలంబియాకు నివేదించింది. దాని హక్కులు తర్వాత సీ సెర్చ్ ఆర్మడా అనే సంస్థ చేతికి వచ్చాయి. సగం తమదేనని వాళ్లు లెక్కేసుకున్నారు. 1984లో కొలంబియా కొత్త డిక్రీ తెచ్చి, ఆచూకీ చెప్పినవారికి 5 శాతమే అంది. కోర్టుల్లో అది ఏళ్ల తరబడి నలిగింది. 2007లో కొలంబియా సుప్రీంకోర్టు మధ్యేమార్గం పట్టింది: సాంస్కృతిక వారసత్వం కిందికి వచ్చేవన్నీ దేశానివి, రాని వాటిలో సగం కంపెనీది. 2013 నాటి చట్టం ఆ గీతను ఇంకా లోతుగా గీసింది. ఒకే రకంగా ఉండే నాణేలు, లోహపు కడ్డీల వంటివి వారసత్వం కావని, వెలికితీసే కాంట్రాక్టరుకు వాటితోనే చెల్లించవచ్చని అందులో ఉంది.

నా దృష్టిలో అసలు తప్పు అక్కడే జరిగింది. శాన్ హోసే దగ్గర రోబో తీసిన ఫొటోల నుంచి పరిశోధకులు 2025లో ప్రచురించిన వ్యాసమే అందుకు సాక్ష్యం. చేత్తో కత్తిరించిన, అంచులు వంకరగా ఉన్న బంగారు నాణేలవి. ఒక్కో నాణెం అడ్డుకొలత సుమారు 32.5 మిల్లీమీటర్లు. ఒక వైపు శిలువ, మరో వైపు సముద్రపు అలల మీద రెండు స్తంభాలు. వాటి మీద పెరూలోని లిమా టంకశాల గుర్తు, 1707 అన్న సంవత్సరం చదవగలిగారు. అంటే ఈ ఓడ 1707కి ముందు మునిగి ఉండదు. 1665 నాటి ఫిరంగుల మీది రాతలు, చైనాలో కాంగ్షీ చక్రవర్తి కాలపు పింగాణీ దానికి తోడయ్యాయి. 'అన్నీ ఒకటే' అని చట్టం పక్కన పెట్టిన నాణేలే ఓడ ఏదో తేల్చడంలో ముందు నిలిచాయి. రెండు నాణేలు ఒకే అచ్చు నుంచి వచ్చాయో లేదో, ఏ పెట్టె పక్కన పడి ఉన్నాయో చూస్తే వ్యాపారి సరుకేదో, రాజు పన్నేదో విడదీసే వీలుంటుంది. సగం నాణేలు అమ్ముడుపోయాక ఆ పని ఎవరు చేయగలరు?

ఓడ నిజంగా దొరికింది 2015 నవంబరులో. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన రీమస్ 6000 అనే మానవరహిత యంత్రం అడుగుకు సుమారు 9 మీటర్ల ఎత్తుకు దిగి ఫొటోలు తీసింది. కంచు ఫిరంగుల మీద చెక్కిన డాల్ఫిన్ బొమ్మలను బట్టి ఇది శాన్ హోసేనని గుర్తుపట్టారు. ఎక్కడుందో కొలంబియా రహస్యంగా ఉంచింది. సీ సెర్చ్ ఆర్మడా చెప్పిన చోట ఓడ లేదన్నది ప్రభుత్వ వాదన. 2018లో యునెస్కో నిపుణులు వాణిజ్యపరంగా వెలికితీయవద్దని హెచ్చరించారు. 2020లో ఓడలోని సమస్తాన్నీ జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించడంతో నాణేలతో చెల్లించే దారి మూసుకుపోయింది. 2024లో ఆ చోటును రక్షిత పురావస్తు ప్రాంతం చేశారు. ఆలస్యమైనా కొలంబియా చేసిన మంచి పనులివి.

స్పెయిన్ పట్టు వేరు. యుద్ధనౌక ఎక్కడ మునిగినా జెండా దేశానిదే అంటుంది. 1804లో మునిగిన మెర్సెదెస్ అనే స్పెయిన్ యుద్ధనౌక విషయంలో ఆ వాదన అమెరికా కోర్టుల్లో నెగ్గింది. ఒడిస్సీ అనే అమెరికా కంపెనీ ఆ శిథిలాల నుంచి 2007లో తీసుకెళ్లిన దాదాపు 6 లక్షల నాణేలు 2012లో స్పెయిన్‌కు చేరాయి. ఆ సొమ్ము తమ గడ్డ నుంచి వెళ్లిందన్న పెరూ మాట చెల్లలేదు. శాన్ హోసేకు వచ్చేసరికి బొలీవియాలోని ఖారా ఖారా ఆదివాసులు అదే మాట అంటున్నారు. పొటోసి గనుల్లో వంతుల వారీగా నిర్బంధ చాకిరీ చేసి వెండి తవ్వింది వాళ్ల పూర్వీకులు. ఈ పక్షాలన్నిటిలో సొమ్ముకు చెమట ధారపోసినది వాళ్లొక్కరే. కోర్టుల్లో అందరికన్నా తక్కువ వినిపించిందీ వాళ్ల గొంతే.

సీ సెర్చ్ ఆర్మడా 2022లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లి 1,000 కోట్ల డాలర్లు అడిగింది. దాని తీర్పు ఎటు పోయినా ఓడను పైకి లేపాలన్న ఒత్తిడి రాకూడదు. స్వీడన్‌లో 1961లో లేపిన వాసా ఓడ కొయ్య ఎండి పగలకుండా 17 ఏళ్లు రసాయనం చల్లాల్సి వచ్చింది. అది పెద్దగా లోతు లేని, కొయ్యను తొలిచే పురుగు బతకని బాల్టిక్ నీళ్లలో దొరికిన ఓడ. ఉప్పటి కరీబియన్‌లో, 600 మీటర్ల అడుగున ఉన్నదాని సంగతి వేరే చెప్పాలా? ఎంపిక చేసిన కొన్ని వస్తువులు తీసి, మిగతాది ఉన్నచోటే ఫొటోలతో నమోదు చేయడమే మేలు. దాదాపు ఆరు వందల మంది అక్కడే ఉన్నారన్నది కూడా ఆ నిర్ణయంలో లెక్కకు రావాలి.