ఒత్తు 'ఖ' ఎంత పొడుగు?

పర్లాకిమిడిలో ఒడియా బడికి వెళ్లే తెలుగు పిల్లలు 'ఖాతా' అన్నప్పుడు ఒత్తు నిజంగా పలుకుతుందా, లేక పొరుగున ఆంధ్రలో ఉన్న పాతపట్నం పిల్లల నోట వచ్చినట్టే వస్తుందా? దీనికి చెవితో జవాబు చెప్పకూడదు. రాతలో ఒత్తు ఉందని తెలిసిన చెవికి, పలికినవాడు ఒత్తకపోయినా వినిపించేస్తుంది. గిడుగు రామమూర్తి ఇదే ఊళ్లో సవర భాషను చెవితోనే పట్టుకున్నారు గానీ ఆ చెవి వేరు. మనం కొలవాల్సిందే.

బోరు మోటారు వేస్తే పైపులోంచి ముందు బుస్సుమని గాలి, ఆ తర్వాత నీళ్లు వస్తాయి. 'క' కూడా అంతే. నాలుక అంగిలిని విడవగానే గాలి, ఆ తర్వాత స్వరతంత్రుల కంపనం. మనం కొలిచేది ఆ రెంటి మధ్య బుసని. 'క'లో అది సుమారు 20 మిల్లీసెకన్లు, హిందీ 'ఖ'లో 90 దాకా. 'గ'లోనైతే కుళాయి తిప్పకముందే మోటారు గుర్రుమంటుంటుంది, అంటే నాలుక విడవకముందే స్వరతంత్రులు కంపిస్తుంటాయి కాబట్టి కొలత మైనస్‌లో పడుతుంది. 1964లో లిస్కర్, అబ్రామ్సన్ అనే ధ్వనిశాస్త్రవేత్తలు 11 భాషల్ని ఈ ఒక్క కొలతతోనే తూచారు. వాటిలో తమిళం, హిందీ, మరాఠీ ఉన్నాయి, తెలుగూ ఒడియా లేవు.

ఒత్తు పలకని పిల్లాణ్ణి 'నాలుక మందం, చిన్నప్పుడు వస పోయలేదు' అనే మాస్టార్లు ఇంకా ఉన్నారు. ఒత్తుకీ నాలుకకీ సంబంధం లేదు. గొంతులో తలుపు ఎంత ఆలస్యంగా మూసుకుందన్నదే లెక్క.

ఇక మాటల ఎంపిక. కాకి–ఖాకీ, కాళి–ఖాళీ, కాత–ఖాతా. అన్నిట్లోనూ తర్వాతి అచ్చు 'ఆ'నే ఉండాలి, ఎందుకంటే 'ఇ', 'ఉ'ల ముందు బుస దానంతటదే సాగుతుంది. 'ప'ను 'క'తో పోల్చకూడదు. 'క'కు నాలుక వెనక చోటు తక్కువ, ఒత్తిడి నెమ్మదిగా దిగుతుంది, అందుకే దాని బుస మామూలుగానే పొడుగు. మాటలు రాసి చదివించారా, పని పాడైనట్టే: తెలుగు లిపి చూపిస్తే బడిపలుకు, ఒడియా లిపి చూపిస్తే ఒడియా పలుకు వస్తుంది. బొమ్మలు చూపించాలి: ఖాకీ నిక్కరు, ఖాళీ గిన్నె, బ్యాంకు పుస్తకం, కాత మీదున్న మామిడి. 'ఇక్కడ ఖాళీ ఉంది' అన్నట్టు ఒకే చట్రంలో చెప్పించాలి. ఆరు మాటలు ఐదేసిసార్లు, మధ్యలో సంబంధం లేని బొమ్మలు మరో 30, మొత్తం 60 కార్డులు. ప్రతి మనిషికీ మళ్లీ కొత్తగా కలిపి పేర్చాలి. పలకరింపు కూడా తెలుగులోనే మొదలెట్టాలి. 'ఖాతా', 'ఖాలి' ఒడియాలోనూ ఉన్నాయి. ఒక్క ఒడియా మాట మీ నోట వచ్చిందంటే ఆ పిల్లాడి గొంతు అటు మళ్లుతుంది. ఒడియా రికార్డింగు ఇంకో రోజు.

ఫ్యాను ఆపండి, గోడలకు బొంతలు కట్టండి. మైకు నోటికి 15 సెంటీమీటర్ల దూరంలో, ఎదురుగా కాకుండా పక్కకి ఉండాలి. లేకపోతే ఊపిరి నేరుగా తగిలి ధడ్‌మంటుంది. 44,100 హెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫైలు. వాట్సాప్ వాయిస్ మెసేజీ మాత్రం వద్దు. ఫోన్లలో రొదని తీసేసే ఏర్పాటుకి ఒత్తులోని సన్నని బుస కూడా రొదలాగే కనిపిస్తుంది, మనకు కావాల్సిందాన్నే ఊడ్చేస్తుంది.

కొలవడానికి ఆమ్‌స్టర్‌డ్యామ్ విశ్వవిద్యాలయంలో బోర్స్మా, వీనింక్ తయారుచేసిన ప్రాట్ అనే కంప్యూటరు ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. తెర మీద 200 మిల్లీసెకన్లే కనిపించేంత దగ్గరికి లాగి, విడుపు (నాలుక అంగిలిని విడిచే క్షణం) దగ్గర నిలువుగా లేచే గీతకి ఒక హద్దు, క్రమం తప్పని అలల్లో మొదటిది సున్నా దాటే చోట ఇంకో హద్దు పెట్టాలి. 'క'లో విడుపు ఒక్కోసారి రెండు మూడు చిటుక్కులుగా పడుతుంది. మొదటిదే లెక్క అని ముందే రాసిపెట్టుకోండి, మధ్యలో మార్చకండి. ఫైళ్ల పేర్లు ఎవరిచేతైనా అంకెలుగా మార్పించుకోండి. పాతపట్నం గొంతని తెలిస్తే చెయ్యి హద్దుని తెలియకుండానే వెనక్కి జరుపుతుంది. హడావిడిగా మాట్లాడేవాళ్ల బుస కురచ, అందుకని పక్కనున్న 'ఆ' నిడివీ రాసుకోవాలి. పదిమంది పిల్లలైతే 300 కొలతలు వస్తాయి గానీ మనుషులు పదిమందే. 300 మంది సాక్ష్యం అనుకుంటే లెక్క తప్పుతుంది.

'ఫ' జోలికి వెళ్లకండి. మనలో చాలామంది దాన్ని పెదవికి పన్ను తాకించి పలుకుతారు, గాలి పూర్తిగా ఆగదు, విడుపే ఉండదు. 'భ', 'ధ'లకైతే ఈ కొలత చాలదు. మోటారు ముందునుంచీ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి 'బ'కీ 'భ'కీ మైనస్ అంకెలే వస్తాయి. అక్కడ తేడా విడుపు తర్వాత అచ్చు మొదట్లో కలిసే ఊపిరిలో ఉంటుంది, దాన్ని వేరుగా కొలవాలి.