శాతానికి లొంగని జబ్బు

దివ్యాంగుల పింఛన్ల తనిఖీ గొడవ మళ్లీ మొదటికొచ్చింది. విశాఖలో అరిలోవ నుంచి గాజువాక దాకా, కండరాల క్షీణత ఉన్న పిల్లల ఇళ్లలో పాత ఫైళ్లు బీరువాల్లోంచి బయటికొస్తున్నాయి. ఏ ప్రభుత్వం ఎప్పుడు ఎంత పెంచిందన్నది అందరికీ తెలిసిన కథే, అది వదిలేద్దాం. ఇప్పటి తగువుకు కావాల్సింది ఒక్క ముక్క. 2024 జూలై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి పింఛను నెలకు 5,000 నుంచి 15,000 రూపాయలైంది. మిగతా దివ్యాంగులకు 6,000. తనిఖీలో కొందరిని 15,000 నుంచి 6,000కు దించారు, చూడటానికి పేచీ అంతా ఈ తొమ్మిది వేల తేడా దగ్గరే ఉంది. వేరు మాత్రం వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరంలో ఉంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2010 ప్రాంతంలో సదరం వచ్చాక వైకల్యం కంప్యూటర్లో ఒక అంకె అయింది. 40 శాతం, ఆపైన ఉంటే అర్హత, లేదంటే లేదు. ప్రమాదంలో కాలు పోయినవారికి, పోలియో వచ్చినవారికి ఈ లెక్క చాలావరకు సరిపోయింది. జరిగిన నష్టం కళ్లెదుట ఉంటుంది, కొలవొచ్చు. మగపిల్లల్లో వచ్చే డుషెన్ రకం కండరాల క్షీణత అలా ఒకచోట ఆగేది కాదు. ఐదేళ్ల పిల్లాడు నేల మీద నుంచి లేవాలంటే చేతులు మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద ఊనుకుంటూ తన ఒంటి మీద తానే ఎక్కినట్టు లేస్తాడు. మెడ కూడా తొందరగానే పట్టు తప్పుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి తల ఎత్తమంటే ఎత్తలేక పక్కకు దొర్లుతాడు. అదే పిల్లాణ్ణి క్యాంపులో బల్ల ముందు నాలుగడుగులు వెయ్యమంటే వేస్తాడు. ఆ రోజుకి అంకె తక్కువ పడుతుంది. మందు వాడకపోతే సాధారణంగా పన్నెండేళ్లు నిండేలోపే ఆ నాలుగడుగులూ ఆగిపోతాయి.

ఈ జబ్బును అంకెతో కాకుండా ఇంకోలా గుర్తించే వీలు సదరం కన్నా చాలా ముందే వచ్చింది. 1987లో అమెరికాలో లూయీ కుంకెల్ బృందం, ఈ పిల్లల కండరాల్లో లోపించిన ప్రొటీన్‌ను పట్టుకుంది. దాని పేరు డిస్ట్రోఫిన్. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, 79 ఎక్సాన్లతో, అంటే ప్రొటీన్ తయారీ సూచనలుండే ముక్కలతో, మనిషిలోని అతి పెద్ద జన్యువుల్లో ఒకటి. ఇప్పుడు చాలామందిలో కండరం ముక్క కోయకుండా రక్తపరీక్షతోనే లోపం తేలుతుంది. హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీలో ఆ పరీక్ష చేస్తారు. అక్కడ వచ్చిన ఫలితం వచ్చే ఏడాదికి మారిపోదు. దానికి దొంగ నడక, దొంగ కుంటుడు ఉండవు.

నా లెక్కలో అసలు మలుపు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. గుర్తింపు పొందిన వైకల్యాలను 21కి పెంచి, కండరాల క్షీణతకు అందులో పేరు పెట్టి చోటిచ్చారు. జన్యు రిపోర్టును ఆధారం చేసుకునే అవకాశం అప్పుడే ఉంది. కొలత దగ్గరికొచ్చేసరికి దీన్నీ చలన వైకల్యాల కిందే వేసి, ఆ శాతాల పట్టికకే అప్పగించారు. పేరు కొత్తది, తూకం పాతదే.

ఈ జబ్బులో అంకెలను నమ్మితే తిరకాసులున్నాయి. ఈ తల్లిదండ్రులందరికీ కంఠతా వచ్చే మాట సీపీకే, అంటే కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ఎంజైము. మామూలుగా రెండు వందల లోపు ఉండాల్సింది ఈ పిల్లల్లో వేలల్లో ఉంటుంది. జబ్బు ముదిరేకొద్దీ కరగడానికి కండరమే మిగలదు కాబట్టి ఆ అంకె దిగుతుంది. కాగితం మీద చూసినవారికి నయమైనట్టే ఉంటుంది. ఇక స్టెరాయిడ్లు క్రమం తప్పకుండా వాడితే నడక మరికొన్నేళ్లు నిలబడుతుంది. అప్పోసప్పో చేసి మందు మానకుండా వేసిన ఇంటి పిల్లాడికే శాతం తక్కువొస్తుందన్నమాట!

ప్రభుత్వం చెప్పేది దొంగ సర్టిఫికెట్ల గురించి. అవి లేవని ఎవరూ అనరు. 2025 జనవరిలో నెలకు 15,000 రూపాయల పింఛను తీసుకునేవారి ఇళ్లకు డాక్టర్ల బృందాలను పంపారు. ఆగస్టులో నోటీసులొచ్చాయి, కొందరిని 6,000 కిందకు మార్చారు. గొడవయ్యాక అప్పీలుకు వీలిచ్చారు.

ఈ ఇళ్లలో బంధువుల నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న మాత్రం వేరు: ‘మేనరికమా?’ డుషెన్‌కు మేనరికంతో పనిలేదు. సుమారు మూడింట ఒక వంతు కేసుల్లో తల్లిలో కూడా ఆ లోపం ఉండదు, బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. మేనరికం లెక్కలోకొచ్చేది భుజాలు, తుంటి కండరాలు పట్టుతప్పే మరో రకం క్షీణతలో. అందులో ఎక్కువ రకాలకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు రావాలి. ఈ రెంటినీ కలిపేసి కోడలి పుట్టింటి మీద నింద వేసే అలవాటు మన ఉత్తరాంధ్రలో ఇంకా పోలేదు.

నింద మోసే ఆ తల్లే పిల్లాణ్ణీ మోస్తుంది. మంచం మీంచి బాత్రూమ్‌కి, మెట్లు దింపి ఆటో దాకా, రోజుకు ఎన్నిసార్లో. మెడనొప్పి, నడుంనొప్పి వాళ్లకు మామూలైపోయాయి. డాక్టరు మెడకు వ్యాయామాలు చెప్పి, బరువులెత్తొద్దంటారు! ఆ నొప్పి మోతదో, లేక లోపమున్న జన్యువు తనలోనూ ఉండి కండరాలు బలహీనపడటం వల్లదో తెలియాలంటే ఆమెకూ పరీక్షలు చెయ్యాలి. లోపమున్న తల్లుల్లో కొందరికి గుండె కండరం కూడా దెబ్బతింటుంది. ఆ సంగతి చెబితే చాలామంది అనేది ఒకటే: ‘ముందు బాబుది తేలనివ్వండి.’