తొంభై ఏళ్ల కంటికి శుక్లం ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎనభై దాటాక ఆపరేషన్ తట్టుకోలేరు.

శుక్లం అంటే కంట్లోని లెన్స్ మసకబారి పొర కమ్మినట్టవడం. దాని ఆపరేషన్‌కి వయసు హద్దు లేదు. ఎక్కువమందికి పూర్తి మత్తు అక్కర్లేదు. చుక్కల మందో, కంటి పక్కన చిన్న ఇంజెక్షనో చాలు. కోత మూడు మిల్లీమీటర్ల లోపే, సాధారణంగా కుట్లుండవు. వయసు కన్నా ముందు కంటి డాక్టర్‌గా నేను అడిగేది ఒకటే: కాసేపు కదలకుండా వెల్లకిలా పడుకోగలరా? ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ముందు వాటి సంగతి చూస్తాం. చెవి వినపడకపోయినా, మతిమరుపు ఉన్నా తప్పకుండా చెప్పండి.

అపోహ: పొర బాగా ముదిరాకే తీయించాలి.

హైదరాబాద్‌లో చదువుకున్న పిల్లలు కూడా ఈ మాట నమ్మి అమ్మానాన్నలను ఏళ్ల తరబడి ఆపేస్తున్నారు. చూస్తే బాధేస్తుంది. లెన్స్‌ని మొత్తంగా బయటికి తీసి, సోడాబుడ్డి అద్దాలు ఇచ్చిన రోజుల మాట అది. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌తో లెన్స్‌ని ముక్కలు చేసి పీల్చేస్తాం. ముదిరిన కొద్దీ అది గట్టిపడుతుంది. దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ శక్తి వాడాలి, దాంతో కార్నియా (నల్లగుడ్డు ముందుండే అద్దం లాంటి భాగం) లోపలి కణాలు దెబ్బతింటాయి. అవి మళ్లీ పుట్టవు. మరీ ముదిరితే కంట్లో ప్రెజర్ పెరిగి, నరం దెబ్బతిని, ఆపరేషన్ చేసినా చూపు రాకపోవచ్చు.

అపోహ: షుగర్, బీపీ ఉంటే చేయరు.

అదుపులో ఉంటే చేస్తాం. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతుంటే, ఎప్పుడో వాడి మానేసినా సరే, చెప్పండి. ఆపరేషన్ మధ్యలో కనుపాప ముడుచుకుపోవచ్చు. తెలిస్తే సిద్ధంగా ఉంటాం.

అపోహ: పొర మళ్లీ వస్తుంది.

శుక్లం తిరిగి రాదు. ఆపరేషన్‌లో పెట్టిన కొత్త లెన్స్ వెనకున్న పల్చటి పొర కొందరికి మసకబారుతుంది. లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తాం.

అపోహ: ఇంట్లో కూర్చునే నాయనమ్మకి చూపెందుకు?

రాత్రి బాత్రూమ్‌కి వెళ్తూ పడి తుంటి విరిగితే మంచం పడతారు. ఏ మాత్ర ఏదో తెలియాలి, మనవడి ముఖం కనపడాలి. రెటీనా (కంటి వెనక వెలుగును పట్టే తెర) దెబ్బతిని ఉంటే పూర్తి చూపు వస్తుందని మాట ఇవ్వలేం. ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే అడిగి తెలుసుకోండి.

ఖర్చు భయమైతే మెహదీపట్నంలోని సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చుక్కలు వేయాలి. ఇంట్లో ఎవరు వేస్తారో ముందే అనుకోండి. నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకురండి.