ఏఐ సహాయకుడు తప్పు చెప్పినప్పుడు: డీటీపీ బల్ల దగ్గర వినే అపోహలు, తెలిసిన వాస్తవాలు

భీమవరంలో డీటీపీ పని చేసే నా దగ్గరకు టైపింగుకు వచ్చేవారిలో చాలామంది, పని పూర్తయ్యాక ఫోను ముందుకు చాపి, చాట్‌జీపీటీ వంటి ఏఐ సహాయకుడు ఇచ్చిన తప్పుడు జవాబు చూపించి కారణం అడుగుతున్నారు. తప్పంతా యంత్రానిదేనని వారు ముందే తేల్చుకుని వస్తారు. విడమరిచి చూస్తే, మనం అడగదలచినది దానికి చేరనే లేదని చాలాసార్లు బయటపడుతుంది.

అపోహ: "దీనికి తెలుగు రాదండి."

వాస్తవం: ఒక మాస్టారు పాత ప్రశ్నపత్రంలోని పేరా కాపీ చేసి చాట్‌లో అతికిస్తే పొంతన లేని జవాబు వచ్చింది. ఆ ఫైలు అను ఫాంటులో ఉంది. డీటీపీలో ఏళ్లుగా వాడుతున్న ఇటువంటి ఫాంట్లలో ఫైలులో దాగేవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు ఉండే కోడ్‌లనే ఫాంటు తెలుగు రూపంలో గీసి చూపిస్తుంది. ఫాంటు తోడు లేని చోట అతికించగానే ఆ ముసుగు తొలగి, అర్థం లేని ఇంగ్లిషు అక్షరాల వరుస మిగులుతుంది. ముందుగా ఆ పేరాను వాట్సాప్‌లో అతికించి చూడండి; అక్కడ తెలుగు కనిపించకపోతే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలోకి) మార్చాలి, మార్చాక వత్తులను ఒకసారి సరిచూసుకోవాలి.

యూనికోడ్‌లో ఉన్నా తెలుగుకు చోటు ఎక్కువే పడుతుంది. "అమలాపురం" అన్న మాటలో గుణింతపు గుర్తులు, సున్నా కలిపి 8 కోడ్‌లుంటాయి. వాటిని కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు చొప్పున మొత్తం 24 బైట్లు అవుతుంది. అదే పేరును ఇంగ్లిషులో రాస్తే 10 బైట్లు చాలు. యంత్రం పాఠాన్ని టోకెన్లనే ముక్కలుగా చేసుకుని చదువుతుంది, తెలుగు సాధారణంగా ఎక్కువ ముక్కలవుతుంది. ఒక్కో జవాబులో ఇచ్చే ముక్కలకు హద్దు ఉంటుంది కనుక, పొడవైన తెలుగు జవాబు మధ్యలో ఆగిపోతే కంగారు పడకుండా "మిగతాది కొనసాగించు" అని అడిగితే సరిపోతుంది.

అపోహ: "లెక్కలు చేతకాదు."

వాస్తవం: పెద్ద లెక్కల్లో అది పొరబడే మాట నిజమే. అయితే ఒక రొయ్యల రైతు "లక్ష సీడ్ వేశాను, 40 కౌంట్, 1500 కిలోలు పట్టాను, సర్వైవల్ ఎంత?" అని అడిగినప్పుడు జరిగింది అది కాదు, కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య అన్నది మన చెరువు గట్ల మీద అందరికీ తెలిసినా, అది మాత్రం 40ని పెంపకపు రోజులుగా తీసుకుంది. "కిలోకు 40 రొయ్యలు" అని మార్చి రాయగానే వేసిన లక్ష పిల్లల్లో బతికినవి 60,000 రొయ్యలు, అంటే 60 శాతం అని సరిగా చెప్పింది.

అపోహ: "అన్నీ ఒకే చాట్‌లో అడిగితే మనల్ని బాగా అర్థం చేసుకుంటుంది."

వాస్తవం: అది ఒకేసారి చూడగలిగే పాఠానికి హద్దు ఉంటుంది, సంభాషణ పెరిగేకొద్దీ పాత విషయాలు కొత్తవాటిలో కలుస్తాయి. ఎరువుల మోతాదు, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల ఖర్చు అడిగిన చాట్‌లోనే ఒకరు అమ్మాయి పెళ్లి బయోడేటా రాయించుకుంటే, ఎవరూ చెప్పకుండానే అందులోకి చెరువు విస్తీర్ణం వచ్చి కూర్చుంది. విషయం మారినప్పుడల్లా కొత్త చాట్ తెరవండి.

అపోహ: "గట్టిగా గద్దిస్తే నిజం చెబుతుంది."

వాస్తవం: ఇక్కడ తప్పు ముమ్మాటికీ యంత్రానిదే. అమలాపురం ఏ జిల్లాలో ఉందని అడిగితే తూర్పు గోదావరి అని అది చెప్పవచ్చు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ వేరే జిల్లా అయింది, పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. అయినా అది నేర్చుకున్న రాతల్లో దశాబ్దాల నాటి పాత సంగతే ఎక్కువ. ఇంటర్నెట్‌లో వెతికే సౌకర్యం వాడనప్పుడు అది ఎక్కడా చూసి చెప్పదు, తరువాత రాగల మాటను అంచనా వేస్తూ వాక్యం అల్లుతుంది. "నిజమేనా?" అని నిలదీస్తే క్షమాపణ చెప్పి, సరైన జవాబును సైతం ఒక్కోసారి మార్చేస్తుంది కనుక ఆ క్షమాపణ దేనికీ రుజువు కాదు. వెతికి చెప్పమని అడగాలి, ఇచ్చిన లింకును తెరిచి చూడాలి, ఎందుకంటే లింకు కూడా కల్పితం కావచ్చు. అర్జీలో జీవో నంబరు ఎక్కించవలసి వస్తే నేను ఇప్పటికీ జీవో ప్రతిని ఎదురుగా పెట్టుకునే టైపు చేస్తాను.