చిన్న ఆటోఫోకస్ రీలు కెమెరా: అపోహలు - వాస్తవాలు

రీళ్లు కడిగి స్కాన్ చేయడం నా పని. ఈమధ్య కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు బీరువాలో దొరికిన పాత కెమెరాలతో వస్తున్నారు. కొందరు ఆన్‌లైన్‌లో వేలకు వేలు పోసి కొంటున్నారు. వాళ్ల నెగెటివ్‌లు చూస్తే, పాడైన ఫొటోల్లో ఎక్కువ భాగం కెమెరా చెడిపోయి పాడైనవి కావు. కెమెరా లోపల ఏది ఎలా నిర్ణయమవుతుందో తెలియక పాడైనవి. రీలు ధర ఇంత పెరిగిన రోజుల్లో అలా ఫొటోలు పోతుంటే మనసు ఒప్పుకోదు.

అపోహ: బటన్ నొక్కితే పనిచేసే పాత కెమెరాలన్నీ ఆటోఫోకసే.

కావు. ఆటోఫోకస్ అంటే కెమెరా దూరాన్ని తానే కొలిచి లెన్సును సర్దుకోవడం. మన ఇళ్లలో తరచుగా దొరికే కొడాక్ కేబీ 10, యాషికా ఎంఎఫ్-2 లాంటివాటిలో లెన్సు ఒకే దూరానికి బిగించి ఉంటుంది. కాస్త దూరం నుంచి తీస్తే బాగానే వస్తాయి, ముఖం దగ్గరికి వెళితే మసకే. అసలు ఆటోఫోకస్ చిన్న కెమెరాలు మార్కెట్లోకి వచ్చింది 1977లో, కొనికా సీ35 ఏఎఫ్‌తో. 1979లో కెనాన్ ఏఎఫ్35ఎం ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి తెచ్చింది. మీది ఏదో తెలుసుకోవాలంటే ముందువైపు చూడండి. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ కాకుండా ఇంకో రెండు చిన్న కిటికీలు ఉండి, బటన్ సగం నొక్కితే కంటి దగ్గర పచ్చ లైటు వెలిగితే దాదాపుగా ఆటోఫోకసే.

అపోహ: ఆటోఫోకస్ మనిషి ముఖాన్ని తానే పట్టుకుంటుంది.

అలా పట్టుకునేది ఫోను. ఈ కెమెరాలకు ముఖం అంటే ఏమిటో తెలియదు, ఫ్రేము మధ్యలో ఏముందో దాని దూరం కొలుస్తాయంతే. చార్మినార్ ముందు ఇద్దరు పక్కపక్కన నిలబడ్డారనుకోండి. కొలిచే కిరణం వాళ్లిద్దరి మధ్య సందులోంచి వెళ్లిపోతుంది. చార్మినార్ స్పష్టంగా, మనుషులు మసకగా వస్తారు. నా దగ్గరికి వచ్చే రీళ్లలో ఇది లేని రీలు అరుదు. ముందు ఒకరి ముఖాన్ని మధ్యలోకి తెచ్చి బటన్ సగం నొక్కండి. పచ్చ లైటు నిలకడగా వెలిగాక, వేలు తీయకుండా కెమెరాను పక్కకు జరిపి పూర్తిగా నొక్కండి. ఈ కెమెరాల గురించి ఒక్క సంగతే నేర్చుకుంటానంటే నేను ఇదే నేర్పిస్తాను.

ఇన్‌ఫ్రారెడ్ రకం కెమెరా ఒక కిటికీలోంచి కంటికి కనబడని కిరణాన్ని పంపి, అది తగిలి తిరిగొచ్చే కోణాన్ని రెండో కిటికీలోంచి చూసి దూరం లెక్కగడుతుంది. అందుకే చీకట్లో కూడా పనిచేస్తుంది. కానీ రైలు కిటికీ అద్దం వెనకనుంచి తీస్తే ఆ కిరణం అద్దానికే తగిలి తిరిగి రావచ్చు. అప్పుడు కొండ గుర్తున్న బటన్ నొక్కితే లెన్సు దూరానికి సర్దుకుంటుంది. నల్ల కోటు, నల్లటి జుట్టు ఆ కిరణాన్ని మింగేస్తాయి కాబట్టి వాటి మీద కాకుండా ముఖం మీదే లాక్ చేయాలి. రెండు బొమ్మల్ని పోల్చి దూరం కొలిచే రకానికి ఇబ్బంది వేరు. సున్నం వేసిన ఖాళీ గోడ, చీకటి దానికి పనికిరావు.

అపోహ: చీకటైతే ఫ్లాష్ చూసుకుంటుంది.

రీలు వెలుతురును ఎంత తేలిగ్గా పట్టుకుంటుందో చెప్పే అంకె దాని స్పీడు. 100 స్పీడు రీలుతో ఈ బుల్లి ఫ్లాష్ వెలుగు సుమారు నాలుగు మీటర్లు పోతుంది. 400 వేస్తే రెట్టింపు. కల్యాణమండపం చివరి వరుసలో కూర్చుని తీస్తే ముందువాళ్ల తలలు తెల్లగా, వధూవరులు చీకట్లో కలిసిపోతారు. అక్కడ లేచి దగ్గరికి వెళ్లడమే మార్గం. ఫ్లాష్ ఆపేస్తే షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుంటుంది. 1997లో వచ్చిన ఒలింపస్ మ్యూ-2 అయితే 4 సెకన్ల దాకా తెరిచి ఉంచగలదు, కాబట్టి కెమెరాను గోడ మీదో బల్ల మీదో ఆనించాలి. ఆ కెమెరాలో ఇంకో సంగతి ఉంది. మూత మూసి మళ్లీ తెరిస్తే ఫ్లాష్ ఆటోకి వచ్చేస్తుంది, ప్రతిసారీ ఆపుకోవాలి.

నిజానికి ఫ్లాష్ బాగా అక్కరకొచ్చేది మిట్టమధ్యాహ్నం. చెట్టు నీడలో మనిషి, వెనక మండుటెండ. కెమెరా వెలుతురును చూసి ముఖాన్ని నల్లగా వదిలేస్తుంది. అప్పుడు మెరుపు గుర్తున్న మోడ్ పెట్టి ఫ్లాష్‌ను బలవంతంగా వెలిగిస్తే ముఖం తేటగా వస్తుంది. మన ఎండలకు ఇంతకన్నా పనికొచ్చే సదుపాయం ఈ కెమెరాల్లో లేదని నా అభిప్రాయం.

అపోహ: జూమ్ ఎంత ఎక్కువుంటే కెమెరా అంత గొప్పది.

లెన్సు ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ అంకె, అది పెరిగితే వెలుతురు తగ్గుతుంది. మొదట్లో ఎఫ్ 4 ఉన్న లెన్సు జూమ్ చివరికి ఎఫ్ 11కి పడిపోయిందంటే, లోపలికొచ్చే వెలుతురు ఎనిమిదో వంతే. నీడలో చేయి వణికిన ఫొటోలే వస్తాయి. జూమ్ లేని 35 ఎంఎం లెన్సున్న కెమెరా తీసుకుని, నాలుగడుగులు ముందుకు వేయండి.

అపోహ: కాంటాక్స్ టీ2, యాషికా టీ4 లాంటివి కొంటేనే మంచి ఫొటోలు.

వాటి జైస్ లెన్సులు మంచివే, అందులో సందేహం లేదు. కానీ 1990లో వచ్చిన ఆ మోడళ్ల ఎలక్ట్రానిక్ భాగాలు పాడైతే కొత్తవి దొరకడం కష్టం. మొదటిసారి కొనేవాళ్లు పేరు చూడకుండా, కళ్లముందు సెల్ వేసి, షట్టర్, ఫ్లాష్, రీలు తిప్పే మోటారు పనిచేస్తున్నాయో లేదో చూసి మామూలుది కొనుక్కోవడం మేలు. చెడిపోయినా ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో విప్పొద్దు. ఫ్లాష్ కోసం కరెంటు దాచుకునే కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలవ ఉంటాయి, సెల్ తీసేసినా షాక్ కొడుతుంది. సీఆర్123ఏ సెల్ పట్టే కెమెరాలో అదే సైజు ఛార్జింగ్ సెల్ కూడా వేయకండి. నిండా ఛార్జ్ అయినది 4.2 వోల్టులు ఇస్తుంది, కెమెరా కోరేది 3.

అపోహ: ఏ రీలు వేసినా కెమెరా స్పీడు కనిపెడుతుంది.

డబ్బా మీద నలుపు, వెండి గళ్లుంటేనే కనిపెడుతుంది. 1983లో కొడాక్ తెచ్చిన డీఎక్స్ పద్ధతి అది. గళ్లు లేకపోతే చాలా కెమెరాలు 100 అనుకుంటాయి. 400 కలర్ నెగెటివ్‌ను అలా తీస్తే వెలుతురు నాలుగు రెట్లు పడుతుంది, అయినా ఫొటో నిలుస్తుంది. నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడ్ రీలు నిలవదు. సినిమా ఫిలింను చిన్న డబ్బాల్లో చుట్టి అమ్మేవి కొంటే ల్యాబ్‌లో ఆ మాట తప్పక చెప్పండి. వాటిలో కొన్నిటి వెనక నల్లటి పూత ఉంటుంది. తెలియక మామూలు రీళ్లతో కలిపి కడిగితే ఆ పూత ఊడి రసాయనాల్లో కలుస్తుంది, ఇతరుల రీళ్లూ పాడవుతాయి.

అపోహ: విమానాశ్రయం స్కానర్ వల్ల రీలుకు ఏమీ కాదు.

పాత ఎక్స్‌రే యంత్రాల్లో తక్కువ స్పీడు రీళ్లు ఒకటి రెండుసార్లు వెళ్లినా తేడా అంతగా కనబడేది కాదు. ఇప్పుడు వస్తున్న సీటీ స్కానర్లు అలాంటివి కావు, కడగని రీలును ఒక్కసారికే పాడుచేయగలవు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు, సెలవులకు ఇంటికొచ్చే పిల్లలు రీళ్లను పెద్ద పెట్టెలో అసలు పెట్టకండి. పారదర్శకమైన సంచిలో వేసి చేతిలో ఉంచుకుని, చేత్తో తనిఖీ చేయమని అడగండి. తీసిన రీళ్లను వీలైతే బయలుదేరే ముందు అక్కడే కడిగించుకుని నెగెటివ్‌లు తెచ్చుకోండి. కడిగిన నెగెటివ్‌ను ఏ స్కానరూ ఏమీ చేయదు.