చెట్టు లేని పత్తి

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వచ్చే రోజుల్లో వరంగల్ రోడ్ల మీద దూది పింజలు ఎగురుతుంటాయి. ఒకదాన్ని పట్టి నలిపి చూడండి. వేళ్లకు తగిలేది దాదాపు అంతా సెల్యులోజే. అదే పదార్థాన్ని చెట్టూ చేనూ లేకుండా ఒక బాక్టీరియా తయారుచేస్తుంది. కల్లును పులిపించి వెనిగర్‌గా మార్చే సూక్ష్మజీవుల కుటుంబానిదే అది. 1886లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఎ.జె.బ్రౌన్ దీన్ని వర్ణించాడు. నేటి పేరు కొమగటైబాక్టర్ జైలినస్. అది అల్లే పొర ప్లాస్టిక్‌కు బదులుగా పనికొస్తుందా అన్నదే నా ప్రశ్న.

హనుమకొండలో మా ఇంట్లో వెడల్పాటి గాజు గిన్నెలో దీన్ని పెంచాను. చక్కెర కలిపిన టీ డికాక్షన్ చల్లారాక, పాలకు తోడు వేసినట్టు పాత పొర ముక్కను, పులిసిన ద్రవాన్ని కొంచెం వేసి, పైన గుడ్డ కట్టి కదపకుండా ఉంచాను. దీనికి ఆక్సిజన్ కావాలి, కాబట్టి పొర ద్రవం పైభాగానే పేరుకుంటుంది. ఒక్కో కణం గ్లూకోజును గొలుసుగా కూర్చి, తన ఒంటి పొడవునా ఉన్న రంధ్రాల్లోంచి సన్నని పోగుగా బయటికి తోస్తుంది. అన్నంలోని పిండిపదార్థానికీ దీనికీ ముడిసరుకు ఒకటే, ముడి వేసే తీరే వేరు. 30 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, 40 దాటే మా వేసవి దానికి పడదు.

రెండు వారాలకు మీగడలా పొర కట్టింది. పట్టుకుంటే తాటి ముంజెలా ఉంది. దాని బరువులో నూటికి 98 వంతులకు పైగా నీరే! ప్రయోగశాలలో అయితే కాస్టిక్ సోడా నీళ్లలో వేడిచేసి కణాలను పోగొట్టి, కడిగి ఆరబెడతారు. చివరికి కాగితమంత పలుచని పొర మిగులుతుంది.

అది ఇంకా ప్లాస్టిక్ కాదు. సెల్యులోజ్ గొలుసులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయంటే, వేడిచేస్తే కరగకముందే మాడిపోతాయి. మూసలో పోయడం కుదరదు. గ్లిజరిన్ కలిపితే అది గొలుసుల మధ్య దూరి పొరను మెత్తబరుస్తుంది. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనంతో చర్య జరిపితే, కళ్లజోడు ఫ్రేములకు వాడే సెల్యులోజ్ ఎసిటేట్ వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఎసిటేట్ వాటా పెరిగేకొద్దీ మట్టిలోని సూక్ష్మజీవులకు దాన్ని తినడం కష్టమవుతుంది. ప్లాస్టిక్‌కు దగ్గరైనకొద్దీ మట్టికి దూరమవుతుందన్నమాట.

బలం గురించి నాకు బెంగ లేదు. 1989లోనే సోనీ సంస్థ ఈ పొరను హెడ్‌ఫోన్లలో ధ్వనిపుట్టించే పలకగా వాడింది. పొరను పట్టీలుగా కోసి, రెండు కొసలు బిగించి, తెగేదాకా లాగి బలం కొలుస్తారు. అంతకుముందు పట్టీలను 23 డిగ్రీల వేడిమి, 50 శాతం తేమ ఉన్న గదిలో ఉంచుతారు. శ్రావణమాసంలో మా ఊరి గాలి అలా ఉండదు. తేమ తాగితే ఈ పొర మెత్తబడిపోతుంది. తడి పట్టీని కూడా లాగి చూపని ఫలితాన్ని నేను సగం ఫలితమనే అంటాను.

మట్టి పరీక్షా అంతే. కంపోస్టు ప్రమాణాల్లో సుమారు 58 డిగ్రీల వేడి కుప్పలో, 180 రోజుల్లోగా కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలని ఉంటుంది. మిర్చి చేలో నేల మీద కప్పే మల్చింగ్ షీటు కింద నేల అంత వేడెక్కదు. రైతుకు కావలసిన జవాబు ఆ నేలలోనే దొరకాలి.

తొట్టిలో నల్లమట్టి నింపి నేను పాతిన ముక్కను నెలన్నరకు తవ్వి తీశాను. అంచులు కనిపించలేదు. మిగిలిన నడిమి భాగం వేళ్లకు అంటుకుని చిరిగింది. ఈసారి గ్లిజరిన్ పట్టించిన పట్టీని, పట్టించనిదాన్ని పక్కపక్కనే, తొలకరికి ముందే పాతిపెడతాను.